ఋతువు మారినప్పుడు ఇంట్లో నిజంగా మారేదేమిటి?

చలిగాలి తగిలితే జలుబు చేస్తుందని పెద్దవాళ్లు అంటారు. జలుబును తెచ్చేది వైరసే గానీ చలి కాదని వైద్యులు అంటారు. వైద్యుల మాటలో సందేహం లేదు. జలుబును ఎక్కువగా తెచ్చే రైనోవైరస్‌లలోనే 160కి పైగా రకాలు ఉన్నాయి, అలాంటివేవీ సోకకుండా ఉత్త చలిలో నిలబడినంత మాత్రాన ఎవరికీ జలుబు పుట్టదు. అయినా చలికాలం మొదలవగానే ఇంటిల్లిపాదీ తుమ్మడం మొదలుపెడతారన్నదీ నిజమే. వైరస్‌లు ఏడాది పొడవునా మన మధ్యే ఉంటున్నప్పుడు కొన్ని నెలల్లోనే ఎందుకంతగా విజృంభిస్తాయి? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా పాటించే జాగ్రత్తలు చాలావరకు గురి తప్పుతాయి.

ఇప్పుడు ఏ ఋతువు నడుస్తోందో మన ఒంటికి తెలియదు. దానికి తెలిసేవి గాలిలోని వేడి, గాలిలోని నీటి ఆవిరి, పగటి వెలుతురు. వీటిని బట్టి మనం తలుపులు మూసుకుని ఒకేచోట గడిపే గంటలు పెరుగుతుంటాయి, తగ్గుతుంటాయి. వేడిని అందరం పట్టించుకుంటాం, ఫోన్ తెరిస్తే ఎన్ని డిగ్రీలో కనిపిస్తుంది. తేమ గురించి మాత్రం ఒళ్లు జిడ్డుగా ఉందని విసుక్కునేటప్పుడు తప్ప ఆలోచించము. కుటుంబ ఆరోగ్యం విషయంలో మనం అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యం చేస్తున్నది ఈ నీటి సంగతినేనని నా గట్టి అభిప్రాయం. చలికాలపు జలుబు, వేసవి వడదెబ్బ, వానాకాలపు జ్వరాలు ఒకదానితో ఒకటి సంబంధం లేని బాధల్లా కనిపిస్తాయి గానీ, గాలిలోనో నేల మీదో ఒంట్లోనో నీరు ఎంత ఉన్నదన్న లెక్క మూడింటి వెనుకా ఉంది.

పొడి గాలి చేసే పని

ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీల దగ్గర అది 17 గ్రాములకు, 10 డిగ్రీల దగ్గర 9 గ్రాములకు, సున్నా దగ్గర 5 గ్రాముల లోపుకు పడిపోతుంది. వాతావరణ సూచనలో చెప్పే తేమ శాతం ఆ గరిష్ఠంలో ఎంత భాగం నిండి ఉందో మాత్రమే చెబుతుంది, గాలిలో అసలు ఎంత నీరుందో చెప్పదు. అందుకే బయట మంచు కమ్మి తేమ నూటికి నూరు శాతం ఉన్న రోజున కూడా, అదే గాలి ఇంట్లోకి వచ్చి వేడెక్కితే పొడిబారిపోతుంది. సున్నా డిగ్రీల దగ్గర గాలిని నిండుగా నింపిన నీరు, 20 డిగ్రీల గదిలో 30 శాతం కూడా కాదు. పెదవులు పగలడం, గోకితే ఒంటి మీద తెల్లటి గీతలు పడటం, నిద్ర లేచేసరికి గొంతు పిడచగట్టుకుపోవడం ఈ లెక్క ఫలితమే.

ముక్కు లోపలి పొరను పల్చటి జిగురు ద్రవం ఎప్పుడూ తడిపి ఉంచుతుంది. దాని అడుగున కంటికి కనిపించని సన్నని నూగు నిరంతరం కదులుతూ, గాలితో పాటు వచ్చిన దుమ్మునూ వైరస్‌లనూ గొంతు వైపు నెట్టుకుపోతుంది. అక్కడి నుంచి చాలావరకు కడుపులోకి జారి జీర్ణరసాలలో నశిస్తాయి. పొడి గాలిలో ఆ జిగురు చిక్కబడి, నూగు కదలిక మందగిస్తుంది. మరోవైపు, దగ్గినప్పుడూ మాట్లాడినప్పుడూ నోటి నుంచి వెలువడే తుంపరలు పొడి గాలిలో త్వరగా ఆరి, చిన్నవైపోయి, నేల మీద పడకుండా ఎక్కువసేపు తేలుతూ ఉంటాయి. 2007లో గినీ పందుల మీద చేసిన ప్రయోగాల్లో ఇన్‌ఫ్లుయెంజా వైరస్ చల్లని, పొడి గాలిలో పక్కనున్న జంతువులకు బాగా పాకింది. గాలిని 30 డిగ్రీలకు వేడి చేసినప్పుడు అలా పాకడం ఆగిపోయింది. రైనోవైరస్ స్వభావం మరో రకం. ఒంటి లోపలి 37 డిగ్రీల వెచ్చదనంలో కన్నా ముక్కు లోపలుండే 33 డిగ్రీల దగ్గర అది సులువుగా వృద్ధి చెందుతుంది.

పెద్దవాళ్ల మాటకూ కొంత ఆధారం దొరికింది. 2005లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో 180 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టు చేత 20 నిమిషాల పాటు పాదాలను చల్లని నీళ్లలో పెట్టించారు. తరువాతి నాలుగైదు రోజుల్లో ఆ 90 మందిలో 13 మంది తమకు జలుబు చేసిందన్నారు. నీళ్లలో పాదాలు పెట్టని 90 మందిలో ఐదుగురే ఆ మాట అన్నారు. వాళ్ల ముక్కుల్లో వైరస్ ఉందో లేదో పరీక్షించలేదు కనుక దీన్ని తుది తీర్పుగా తీసుకోకూడదు. పాదాలు చల్లబడినప్పుడు ముక్కులోని రక్తనాళాలు ముడుచుకోవడం వల్ల, అప్పటికే లోపల దాగి ఉన్న వైరస్‌కు వీలు చిక్కుతుందన్నది ఆ పరిశోధకుల వివరణ. కాబట్టి పిల్లల పాదాలను వెచ్చగా ఉంచమనే బామ్మను తప్పుపట్టనక్కరలేదు.

అయితే మన జాగ్రత్తల్లో పాళ్లు మారాలి. చలికాలంలో స్వెటర్ల గురించి వందసార్లు చెబుతాం, కిటికీల గురించి ఒక్కసారీ చెప్పము. ఒకే గదిలో తలుపులన్నీ మూసుకుని ఐదుగురు గడిపితే, ఒకరు వదిలిన గాలిలో కొంత భాగాన్ని మిగిలినవాళ్లు పీలుస్తూనే ఉంటారు. ఎదురెదురుగా ఉన్న రెండు కిటికీలను రోజుకు మూడు నాలుగు సార్లు ఐదేసి, పదేసి నిమిషాలు బార్లా తెరిస్తే గదిలోని గాలి చాలావరకు మారిపోతుంది; గోడలూ సామాన్లూ అంతలో చల్లబడవు కనుక గది మళ్లీ త్వరగా వెచ్చబడుతుంది. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే ముక్కుకూ చర్మానికీ హాయిగా ఉంటుంది. తేమను పెంచే యంత్రం వాడేవాళ్లు అందులోని నీటిని రోజూ మార్చి, తొట్టిని తరచుగా కడగాలి, లేకపోతే అది సూక్ష్మక్రిములను గదంతా చిమ్మే పరికరంగా మారుతుంది. మూసిన గదిలో బొగ్గులు గానీ కట్టెలు గానీ రాజేసి పడుకోవడం మాత్రం ఎంత చలి ఉన్నా చేయకూడని పని. వాటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. మొదట తలనొప్పి, తరువాత మత్తు, ఆ మత్తులోనే ప్రాణం పోతుంది.

చేతులు కడుక్కోవడం గురించి అందరికీ తెలుసు, కానీ పక్కన నిలబడి చూసేవాళ్లు తక్కువ. ఏడేళ్ల పిల్లవాడిని చేతులు కడుక్కోమని చెప్పి ఒకసారి గమనించండి. కుళాయి తిప్పుతాడు, అరచేతులను రెండుసార్లు రుద్దుతాడు, నీళ్లు చిలకరించి పరుగెత్తుతాడు. ముక్కునూ కళ్లనూ తాకేవి వేలి కొసలు, బొటనవేళ్లు. సబ్బు తగలకుండా మిగిలిపోయేవీ అవే. 20 సెకన్ల పాటు వేళ్ల సందులూ గోళ్ల చుట్టూ రుద్దడం నేర్పించి, ఇంట్లో ఎవరి తువ్వాలు వాళ్లకు వేరుగా పెడితే చాలా పని జరుగుతుంది. కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ బయట ఉన్నప్పుడు పనికొస్తుంది గానీ, వాంతులూ విరేచనాలూ కలిగించే నోరోవైరస్ మీద అది సరిగా పనిచేయదు. ఇంట్లో ఎవరికైనా అలాంటి జబ్బు చేస్తే సబ్బు, నీళ్లే వాడాలి.

రోగనిరోధక శక్తిని పెంచుతామంటూ ప్రతి ఋతువులోనూ ఎన్నో మాత్రలూ పొడులూ మన ముందుకు వస్తాయి. వాటిలో బాగా పరీక్షించి చూసినది విటమిన్ సి. రోజూ తీసుకున్నా సాధారణ మనుషులకు జలుబులు రావడం తగ్గదని, వచ్చినప్పుడు దాని వ్యవధి మాత్రం పెద్దవాళ్లలో 8 శాతం, పిల్లలలో 14 శాతం వరకు తగ్గుతుందని పరిశోధనలను గుదిగుచ్చి చూసిన సమీక్షలు తేల్చాయి. వారం రోజుల జలుబులో 8 శాతం అంటే సగం రోజు. జలుబు మొదలయ్యాక వేసుకుంటే ఆ మేలూ నిలకడగా కనిపించలేదు. ఇన్‌ఫ్లుయెంజా టీకా దీనికన్నా ఎంతో నమ్మదగినది. అది ఆరు నెలలు నిండిన పిల్లల నుంచి వృద్ధుల దాకా వేయించుకోదగినది, పైగా వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి ఏటా వేయించుకోవలసినది. ఒంట్లో రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది కనుక, పక్కింట్లో దగ్గు వినిపించాక పరుగెత్తడం కన్నా కాస్త ముందే వెళ్లడం మేలు.

బడికి వెళ్లే పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. జలుబు తగ్గిన తరువాత కూడా దగ్గు రెండు మూడు వారాలు నిలుస్తుంది. ముక్కు నుంచి వచ్చేది ఆకుపచ్చగా మారినంత మాత్రాన యాంటీబయాటిక్ అవసరమని అర్థం కాదు. ఆ రంగు పోరాడుతున్న తెల్ల రక్తకణాల నుంచి వస్తుంది. ఏడాది దాటిన పిల్లలకు రాత్రి దగ్గు తగ్గడానికి తేనె ఉపశమనం ఇస్తుంది. ఏడాది లోపు పసిబిడ్డకు మాత్రం చుక్క తేనె కూడా నాకించకూడదు, అందులో ఉండగల బొట్యులినమ్ అనే బాక్టీరియా బీజాలు ప్రాణాంతకమైన పక్షవాతాన్ని కలిగించగలవు. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతున్నా, బిడ్డ పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలిరంగుకు తిరిగినా ఏ ఇంటి వైద్యం కోసమూ ఆగకూడదు.

చెమట ఆరకపోతే

వేసవిలో ఇదే తేమ తిరగబడుతుంది. శరీరం తనలోని వేడిని బయటికి పంపుకోవడానికి వాడే అతి ముఖ్యమైన సాధనం చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. ఇందులో కీలకం ఆవిరవడమే. బొట్లుబొట్లుగా కారి చొక్కాను తడిపిన చెమట ఒంట్లో నీటినీ ఉప్పునూ ఖర్చు చేస్తుంది గానీ, ఒంటిని పెద్దగా చల్లబరచదు. గాలిలో ఇప్పటికే నీరు నిండి ఉంటే చెమట ఆవిరవడానికి చోటుండదు. అందువల్ల పొడిగా ఉన్న 38 డిగ్రీల మధ్యాహ్నం కన్నా, ఉక్కపోసే 34 డిగ్రీల సాయంత్రం ఎక్కువ ప్రమాదకరం కావచ్చు.

ఈ రెండింటినీ కలిపి కొలిచే పద్ధతి ఒకటి ఉంది. థర్మామీటరు కొసకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే, ఆ తడి ఆరుతూ కొసను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువ ఉన్నకొద్దీ ఆ చల్లదనం తగ్గుతుంది. అలా చూపిన అంకెనే తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. అది 35 డిగ్రీలకు చేరితే నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా గంటల తరబడి తట్టుకోలేడని 2010లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. తరువాత ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల మీద ప్రయోగశాలలో చేసిన పరీక్షల్లో అసలు హద్దు అంతకన్నా చాలా కిందనే, తేమ గాలిలో 31 డిగ్రీల దరిదాపుల్లోనే ఉన్నట్టు తేలింది. వృద్ధులకూ పసిపిల్లలకూ అది ఇంకా తక్కువ. ఇంట్లో అలాంటి థర్మామీటరు లేకపోయినా తువ్వాలు ఉంటుంది. ఉదయం స్నానం తరువాత గదిలో ఆరేసిన తువ్వాలు సాయంత్రానికి కూడా చెమ్మగా, కాస్త ముక్కవాసన వేస్తూ ఉంటే, మీ ఒంటి మీద చెమట కూడా అంతే మెల్లగా ఆరుతోందని అర్థం. ఆ రోజున ఆటలూ బరువు పనులూ తగ్గించుకోవాలి.

ఫ్యాన్ కూడా చెమటను ఆరబెట్టే సాధనమే. అయితే గాలి వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాన్ ఒంటి మీదికి వేడినే తోస్తుంది కనుక, అప్పుడు దాన్ని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. అలాంటప్పుడు తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకోవడం, పాదాలూ చేతులూ చల్లని నీళ్లలో ఉంచడం, చల్లగా ఉన్న చోటికి కొన్ని గంటలైనా వెళ్లి రావడం అవసరం. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఎవరినీ ఒక్క నిమిషమైనా వదలకూడదు. మూసి ఉన్న కారు లోపలి వేడి గంటలో సగటున 22 డిగ్రీలు పెరుగుతుందని, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే పెరుగుతుందని, కిటికీ కాస్త దించినా పెద్ద తేడా ఉండదని కొలతలు చెబుతున్నాయి.

శరీరం వేడికి అలవాటు పడుతుంది, కానీ తనకు కావలసిన వ్యవధి తీసుకుంటుంది. ఒకటి రెండు వారాల పాటు రోజూ కొంత వేడి తగిలితే చెమట ముందుగా పట్టడం మొదలై, ఎక్కువగా పట్టి, అందులో ఉప్పు తగ్గుతుంది. రక్తంలోని ద్రవభాగం పెరిగి గుండె మీద భారం తగ్గుతుంది. అందువల్ల ఎండలు ముదిరిన రోజుల కన్నా, ఉన్నట్టుండి వేడెక్కిన మొదటి వారమే శరీరానికి కష్టమైన కాలం. సెలవుల్లో చల్లని గదిలో గడిపిన పిల్లవాడిని మొదటి రోజే మైదానంలో రెండు గంటలు పరుగెత్తించడం తప్పు. పావుగంటతో మొదలుపెట్టి పది పన్నెండు రోజుల్లో పూర్తి ఆటకు చేరుకోవాలి.

మా నాన్నగారికి ఒక ఉక్కపోత రోజు సాయంత్రం అడిగిన దానికి సంబంధం లేని జవాబులు రావడం మొదలైంది. నిద్రమత్తేమో, వయసు వల్లనేమో అనుకుని అరగంట ఊరుకున్నాం. తరువాత అడిగితే తెలిసింది, రాత్రి మాటిమాటికీ లేవవలసి వస్తుందని ఆయన మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగడమే మానేశారు. ఆ అరగంట తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. వయసు పెరిగినకొద్దీ దాహం వేసే గుణం మందగిస్తుంది, కాబట్టి "దాహం వేస్తే తాగండి" అన్న సలహా వృద్ధులకు చాలదు. రక్తపోటుకు వాడే, మూత్రం ఎక్కువ పోయేట్టు చేసే మాత్రలు, కొన్ని అలర్జీ మందులు, మరికొన్ని మానసిక వైద్యపు మందులు ఒంట్లో నీటినో చెమటనో తగ్గిస్తాయి. గుండె, మూత్రపిండాల జబ్బులు ఉన్నవాళ్లకు వైద్యులు నీటికి పరిమితి పెట్టి ఉండవచ్చు కనుక, వేసవికి ముందే ఆ పరిమితి ఎంతో అడిగి రాసి పెట్టుకోవాలి.

వడదెబ్బనూ జ్వరాన్నీ ఒకటిగా చూడటం వల్ల ఎంతో విలువైన సమయం పోతోంది. జ్వరంలో మెదడే తన ఉష్ణోగ్రత గుర్తును పైకి జరుపుకుంటుంది; పారాసిటమాల్ ఆ గుర్తును కిందికి దించుతుంది. వడదెబ్బలో ఆ గుర్తు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది, బయటికి పోవలసిన వేడి పోలేక ఒంట్లో పేరుకుంటుంది. అందువల్ల మాత్రతో అది తగ్గదు. ఎండలోనో ఉక్కలోనో ఉన్న మనిషికి ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, తికమకపడినా, స్పృహ తప్పినా, లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్, అంటే 104 ఫారెన్‌హీట్ దాటి ఉండవచ్చని భావించి వెంటనే చల్లబరచడం మొదలుపెట్టాలి. బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోసి, గట్టిగా విసరాలి. వీలుంటే మెడ దాకా చల్లని నీళ్ల తొట్టిలో ఉంచి తల పట్టుకోవాలి. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తూనే ఇవన్నీ చేయాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

నిలిచిన నీరు, పోయే నీరు

వానలు మొదలయ్యాక పూలకుండీ కింద పెట్టిన పళ్లాన్ని ఒకసారి ఎత్తి చూడండి. అడుగున వేలెడు నీరు, నీటి గీతకు కాస్త పైన పళ్లెం అంచుకు అంటుకుని ఆవగింజ కన్నా చిన్న నల్లని చుక్కలు కనిపిస్తే అవి డెంగీని మోసే ఈడిస్ దోమ గుడ్లు కావచ్చు. నీళ్లు పారబోసినా ఆ గుడ్లు పోవు. ఎండిపోయిన అంచు మీద నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీరు పైకి వచ్చినప్పుడు పిల్లలవుతాయి. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి ఎగిరే దోమ దాకా సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. వారానికి ఒకసారి నీళ్లు పారబోసి, అంచులను పీచుతో రుద్ది కడగమని చెప్పడానికి కారణం ఈ వ్యవధే. కూలర్ తొట్టి, ఫ్రిజ్ వెనుక పళ్లెం, పాత టైరు, మూత సరిగా పడని నీళ్ల ట్యాంకు ఇవన్నీ ఆ వారపు పనిలోకి రావాలి. ఈ దోమ పగటిపూట, ముఖ్యంగా ఉదయమూ సాయంత్రానికి ముందూ కుడుతుంది. రాత్రి దోమతెర మలేరియా దోమ నుంచి కాపాడుతుంది గానీ, పగలు పొడుగు చేతుల చొక్కా, ఒంటికి రాసుకునే దోమల మందు, మధ్యాహ్నం నిద్రపోయే పసివాడికి తెర కూడా కావాలి.

డెంగీ విషయంలో చాలా కుటుంబాలు పొరబడేది ఒకచోట ఉంది. మూడు నుంచి ఏడు రోజుల మధ్య జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకుంటారు. కొందరిలో అసలు ప్రమాదం ఆ తరువాతి 24 నుంచి 48 గంటల్లోనే వస్తుంది, ఎందుకంటే అప్పుడే సన్నని రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారి రక్తపోటు పడిపోతుంది. జ్వరం తగ్గిన మనిషికి కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం, మూత్రం తగ్గడం వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్ వాడకూడదు, అవి రక్తస్రావాన్ని పెంచగలవు.

నీటి గురించి చెప్పుకునేటప్పుడు విరేచనాలను విడిచిపెట్టలేము. తాగే నీరు నమ్మకంగా లేనప్పుడు బాగా తెర్లేలా ఒక నిమిషం మరిగించి, మూతపెట్టి చల్లార్చుకుంటే సరిపోతుంది. సముద్రమట్టానికి 2,000 మీటర్ల పైన మూడు నిమిషాలు కావాలి. వండిన పదార్థాలు రెండు గంటలకు మించి బయట ఉండకూడదు, గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటే హద్దు. ఇంత చేసినా ఎప్పుడో ఒకసారి ఇంట్లో ఎవరికో విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లోంచి పోయే నీరూ ఉప్పులే.

ఉత్త నీళ్లు తాగితే ఆ నష్టం తీరదు, ఉత్త ఉప్పునీళ్లు తాగినా తీరదు. పేగు గోడలో ఉప్పులోని సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి తీసుకునే ద్వారాలు ఉన్నాయని, గ్లూకోజు తోడు లేనిదే అవి పనిచేయవని 1960లో జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ వివరించారు. ఆ జంట లోపలికి వెళ్లినప్పుడు నీరు దాని వెంట వెళ్తుంది. కలరా సోకిన పేగులో కూడా ఈ ద్వారాలు చెడిపోవు. 1971లో బెంగాల్ సరిహద్దులోని శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, వైద్యుడు దిలీప్ మహలనాబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు అలా తాగినవాళ్లలో 4 శాతం లోపుకు దిగాయి. మనం ఓఆర్ఎస్ అని పిలిచే పొట్లం వెనుక ఉన్నది ఈ సూత్రమే.

పాళ్లు తప్పితే ఆ సూత్రం పనిచేయదు. లీటరుకు కలపవలసిన పొట్లంలో కొంత పొడిని గ్లాసులో అందాజుగా వేసి తాగించడం ఎన్నో ఇళ్లలో చూస్తున్నాం. చిక్కగా కలిస్తే నీరు పేగులోంచి ఒంట్లోకి పోవడానికి బదులు ఒంట్లోంచి పేగులోకి వస్తుంది. తీపి ఎక్కువైన పండ్ల రసాలూ శీతల పానీయాలూ చేసే కీడు కూడా ఇదే. పొట్లం దొరకనప్పుడు ఒక లీటరు శుభ్రమైన నీటికి చెంచా అంచుకు సమానంగా చదును చేసిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు కలపాలి, ఉప్పు అంతకు మించకూడదు. వాంతి చేసుకున్న బిడ్డకు పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. పిల్లలకు 10 నుంచి 14 రోజులు జింక్ కూడా ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఏడ్చినా కన్నీరు రాకపోవడం, కళ్లు లోపలికి పోవడం, మలంలో రక్తం, తాగలేనంత మగత ఉంటే ఇంట్లో ఉంచుకోకూడదు.

వెలుతురు, ఇంటి పెద్దలు

వెలుతురు గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. ఇంట్లో దీపం వెలుగు కొన్ని వందల లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) ఉంటే, మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట వెలుగు వేలల్లో ఉంటుంది. నిద్ర గడియారాన్ని సరిదిద్దేది ఉదయపు వెలుగే కనుక, పగళ్లు కురచైన నెలల్లో కూడా ఉదయం కాసేపు బయట తిరగడం రాత్రి నిద్రకు మేలు చేస్తుంది. పిల్లలు రోజుకు రెండు గంటలు పగటి వెలుగులో గడిపితే హ్రస్వదృష్టి, అంటే దూరపువి మసకగా కనిపించే లోపం, వచ్చే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు చూపుతున్నాయి. వాన అనో చలి అనో నెలల తరబడి వాళ్లను తెరల ముందు కూర్చోబెట్టడం ఈ కారణం చేతనే నాకు బాధ కలిగిస్తుంది.

ఇంటి పెద్దల రక్తపోటు ఋతువుతో పాటు మారుతుంది. చలిలో చర్మపు రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు కొన్ని పాయింట్లు పెరుగుతుంది, వేసవిలో అవి విచ్చుకుని తగ్గుతుంది. చలికాలంలో గుండెపోట్లు ఎక్కువ కావడానికి ఇదొక కారణం. చలికాలంలో సరిపోయిన మందు మోతాదు, చెమటతో నీరూ ఉప్పూ పోయే వేసవిలో ఎక్కువై, మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరిగి పడిపోయేలా చేయవచ్చు. అందుకని మా ఇంట్లో ఒక చిన్న పుస్తకం పెట్టుకున్నాం. వారానికి రెండుసార్లు రక్తపోటు అంకెలతో పాటు, గది వేడి ఎంతో, తేమ ఎంతో, నాన్నగారు ఆ రోజు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారో అందులో రాస్తాం. ఋతువు మారే వారాల్లో దాన్ని వైద్యుడికి చూపిస్తాం. మోతాదు మార్చాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. పోయిన వేసవి ఆరంభంలో ఆ పేజీలు చూసి ఆయన ఒక మాత్రను సగం చేశారు.